నాన్న దడకి అదే రోజు ఈసీజీ, అమ్మ దడకి పదకొండు నెలలు గ్యాస్ మాత్రలు

తెనాలి_అమ్మాయి
రెండేళ్ళ కిందట నాన్న పొలం నుంచి వచ్చి గుండె దడగా ఉందన్నారు. సాయంత్రానికల్లా ఈసీజీ తీశారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) అన్నారు, రాత్రికి మందులు మొదలయ్యాయి. మంచిదే.

కిందటేడు అమ్మకీ అదే మొదలైంది. అమ్మకి 67, బీపీ ఉంది, బరువు 54 కిలోలు. "గుండెల్లో పిచ్చుక దూరి రెక్కలు కొట్టుకుంటున్నట్టుందే" అనేది. మూడు చోట్ల చూపించాం. ఒకరు గ్యాస్ అన్నారు. ఇంకొకరు "ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా" అని అడిగారు, అదీ అమ్మని కాదు, నన్ను. మూడో ఆయన నిద్రమాత్ర రాశారు. ఒక్కరూ అమ్మ మణికట్టు పట్టుకుని చూడలేదు. పదకొండు నెలల తర్వాత కంట్లో శుక్లం తీయించడానికి వెళితే, ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లో బయటపడింది. నాన్నకున్న జబ్బే.

ఇప్పుడు నా ప్రశ్న. ఒక డాక్టరు గారు "పక్షవాతం ముప్పు లెక్కలో ఆడవాళ్ళకి ఒక పాయింటు ఎక్కువ, మీ అమ్మగారికి మూడు వచ్చాయి, రక్తం పల్చబడే మందు తప్పదు" అన్నారు. రెండో అభిప్రాయం కోసం వెళితే "ఆ ఆడవాళ్ళ పాయింటు తీసేశారమ్మా, మీకు రెండే" అన్నారు. అసలు ఆడమనిషి కావడం ఈ జబ్బులో ప్రమాదమా, కాదా? ఇప్పటికి ఆస్పిరిన్ 75 మాత్రమే వేస్తున్నాం.

గోదారి_గట్టు
ఈ జబ్బు మగాళ్ళకే ఎక్కువ కదండీ. మా ఆఫీసులో ముగ్గురికి ఉంది, ముగ్గురూ మగాళ్ళే. ఆడవాళ్ళకి గుండె జబ్బులు తక్కువ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరీ అంత కంగారు పడకండి.

కొత్తగూడెం_సిస్టర్
గోదారి_గట్టు గారూ, మీరన్నది సగమే నిజం. ఒకే వయసు వాళ్ళని పక్కపక్కన పెడితే మగాళ్ళకే ఎక్కువ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది వయసుతో పెరిగే జబ్బు, ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు. ఆఫీసులో కాదు, 75 దాటిన వాళ్ళున్న వార్డుకి వచ్చి మంచాలు లెక్కపెట్టండి.

నేను 19 ఏళ్ళుగా గుండె జబ్బుల వార్డులో పని చేస్తున్నాను. మగాయనకి దడ వస్తే ఉన్నపళంగా ఆటో ఎక్కించి తీసుకొస్తారు, వెనక నలుగురొస్తారు. ఆడామె వంట ముగించి, అందరికీ పెట్టి, గిన్నెలు సర్దుకుని మూడు గంటలకి వస్తుంది. ఈ జబ్బు మొదట్లో వచ్చిపోతుంటుంది. ఆమె మా దగ్గరికి చేరేసరికి దడ తగ్గిపోయి ఉంటుంది. ఈసీజీ మామూలుగా వస్తుంది. "ఏం లేదమ్మా, గాభరా పడకు" అని పంపేస్తారు. ఆ కాగితం చూపించి ఇంట్లోవాళ్ళు కూడా "చూశావా, ఏం లేదన్నారు" అంటారు. మళ్ళీ దడ వచ్చినప్పుడు ఇంక నోరు విప్పదు.

తెనాలి_అమ్మాయి
అక్కా, అచ్చం మా ఇంట్లో జరిగినట్టే రాశారు. మొదటిసారి తీసిన ఈసీజీ మామూలుగానే వచ్చింది. ఆ తర్వాత ఎవరూ మళ్ళీ తీయలేదు.

పీజీ_గది_12
కార్డియాలజీలో చదువుకుంటున్నాను. పాయింట్ల సంగతి నేను చెప్తాను.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. ఎడమ పక్క పై గదికి చిన్న సంచి లాంటి మూల ఒకటి ఉంటుంది. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పక్షవాతం వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పరిశీలన 1991లోనే చెప్పింది. అయితే అందరికీ ఒకే ప్రమాదం ఉండదు కాబట్టి రక్తం పల్చబడే మందు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి పాయింట్లు పెట్టుకున్నాం. గుండె బలహీనత 1, బీపీ 1, షుగరు 1, రక్తనాళాల జబ్బు 1, 65 నుంచి 74 వయసు 1, 75 దాటితే 2, ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే 2.

2001లో వచ్చిన మొదటి లెక్కలో ఆడ, మగ తేడా లేదు. 2010లో వచ్చిన రెండో లెక్కలో ఆడవాళ్ళకి 1 కలిపారు. 2024లో యూరప్ గుండె వైద్యుల సంఘం దాన్ని తీసేసింది. మీరు కలిసిన డాక్టర్లిద్దరూ తప్పు చెప్పలేదు. ఒకరు 2010 లెక్క వేశారు, ఇంకొకరు 2024 లెక్క వేశారు.

మీ అమ్మగారి విషయంలో రెండు లెక్కలూ ఒకే చోటికి వస్తాయి. పాత (2010) లెక్కలో వయసు 1, బీపీ 1, ఆడమనిషి 1, మొత్తం 3. ఆడవాళ్ళకి 3 వస్తే మందు ఇవ్వాలి. కొత్త (2024) లెక్కలో వయసు 1, బీపీ 1, మొత్తం 2. ఎవరికైనా 2 వస్తే మందు ఇవ్వాలి. పాయింటు ఉన్నా పోయినా ఆవిడకి మందు కావాలి. ఆస్పిరిన్ ఆ పని చేయదు.

డల్లాస్_పద్మ
ఇక్కడ మా డాక్టరు ఇంకా ఆడవాళ్ళ పాయింటు వేస్తూనే ఉన్నారే? పోయిన నెలే నా రిపోర్టులో చూశాను.

పీజీ_గది_12
అమెరికా వాళ్ళ మార్గదర్శకాలు 2023 చివర్లో వచ్చాయి పద్మ గారూ. అందులో ఆ పాయింటు ఉంచారు. అందుకే వాళ్ళు మగాళ్ళకి 2, ఆడవాళ్ళకి 3 అని వేరువేరు గీతలు గీస్తారు. 50 ఏళ్ళ ఆడామె, బీపీ, షుగరు ఏవీ లేవు అనుకోండి. పాత లెక్కలో ఆమెకి 1 వస్తుంది, కొత్త లెక్కలో సున్నా. రెంటిలోనూ మందు అక్కర్లేదు. ఆడమనిషి కావడం ఒక్కటే ఎప్పుడూ కారణం కాదు. వయసు, బీపీ, షుగరు లాంటివి తోడైనప్పుడు అవి ఆడవాళ్ళని కాస్త గట్టిగా దెబ్బ తీస్తాయి. అంతవరకే ఆ పాయింటుకి అర్థం.

గోదారి_గట్టు
తీసేశారంటే తేడా లేదని తేలినట్టే కదా? మళ్ళీ "గట్టిగా దెబ్బ" ఏమిటి?

లెక్కల_మాస్టారు
తేడా లేదని తేలలేదు సార్. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 30 పరిశీలనలని, అంటే 43 లక్షల పైచిలుకు మందిని కలిపి లెక్క తీశారు. ఈ జబ్బు వల్ల పక్షవాతం ముప్పు పెరిగే తీరు మగాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళలో సుమారు రెండింతలుంది. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు కూడా అలాగే.

ఈ "రెండింతలు" అన్న మాట దగ్గర జాగ్రత్త. ఆడవాళ్ళకి మగాళ్ళ కంటే రెట్టింపు పక్షవాతాలు వస్తాయని దానర్థం కాదు. ఈ జబ్బు లేనప్పుడు ఆడవాళ్ళకి ముప్పు తక్కువగా మొదలవుతుంది. జబ్బు వచ్చాక ఆ తక్కువ నుంచి పైకి లేచే ఎత్తు ఎక్కువ. మెట్ల మీద నాలుగో మెట్టున ఉన్నాయన ఎనిమిదో మెట్టుకి ఎక్కితే రెండు రెట్లు. రెండో మెట్టున ఉన్నావిడ కూడా అదే ఎనిమిదో మెట్టుకి ఎక్కితే నాలుగు రెట్లు. మెట్ల అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, పరిశీలనలోవి కావు. 1998లో ఫ్రామింగ్‌హామ్ వాళ్ళు చెప్పిందీ ఇదే దారిలో ఉంది. ఈ జబ్బు వల్ల చావు ముప్పు మగాళ్ళలో 1.5 రెట్లు, ఆడవాళ్ళలో 1.9 రెట్లు. ఆడవాళ్ళకి మామూలుగా ఉండే ఆయుష్షు మొగ్గుని ఈ జబ్బు తినేస్తుంది.

గోదారి_గట్టు
మెట్ల ఉదాహరణ బాగుంది మాస్టారూ. అర్థమైంది. "ఆడవాళ్ళకి తక్కువ" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఓరుగల్లు_సైకిల్
మగాళ్ళ వైపు నుంచి ఒక మాట. నాకు 46 ఏళ్ళకే వచ్చింది. పొడుగు మనిషిని, ఏళ్ళ తరబడి దూరాల సైకిల్ తొక్కాను, వారాంతాల్లో తాగుడు అలవాటు ఉండేది. మూడూ ఈ జబ్బుకి దారులేనని డాక్టరు గారు చెప్పారు. ఒడ్డూ పొడుగూ ఉంటే పై గదులు పెద్దవిగా ఉంటాయి, మగాళ్ళకి చిన్న వయసులో ఎక్కువగా రావడానికి అదొక కారణం. పండగలకి, పెళ్ళిళ్ళకి బాగా తాగి దడతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళని చూసి దీనికి "హాలిడే హార్ట్" అని 1978లోనే పేరు పెట్టారట. నేను తాగుడు మానేశాక మళ్ళీ రాలేదు. ఇక్కడ చదివే మగాళ్ళు "ఇది ఆడవాళ్ళ చర్చ" అని దాటేసి పోకండి.

నిజామాబాద్_నుంచి
రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. ఆస్పిరిన్ అన్న మాట చూశాక రాయక తప్పలేదు.

మా అమ్మకి ఈ జబ్బు ఉందని 2019లో తెలిసింది. అప్పటికి 71 ఏళ్ళు, షుగరు ఉంది. "పెద్దావిడ, సన్నగా ఉంది, గట్టి మందు వేస్తే ఎక్కడైనా రక్తం కారుతుంది" అని ఆస్పిరిన్‌తో సరిపెట్టారు. మేమూ సరే అన్నాం. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు పొద్దున పూజ గదిలో దీపం వెలిగిస్తోంది. అగ్గిపుల్ల చేతిలోంచి జారింది. వంగి తీసుకుంది, మళ్ళీ జారింది. మూడోసారి పుల్ల వంక చూస్తూ నిలబడిపోయింది. ఏమ్మా అంటే మాట ముద్దగా వచ్చింది. పొద్దున్నుంచీ ఏం తినలేదు కదా, నీరసం అనుకున్నాం. పడుకోబెట్టాం, నిమ్మకాయ నీళ్ళు తాగించాం. మధ్యాహ్నం మా బావ వచ్చి మూతి వంకర పోయింది చూడండని అరిచేదాకా మాకు తెలియలేదు. గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువట. మేము వెళ్ళేసరికి ఏడు గంటలు దాటింది.

అమ్మ ఉంది. కుడి చెయ్యి లేదు, మాట సగమే. దీపం ఇప్పుడు నేను వెలిగిస్తాను, ఆమె కుర్చీలో కూర్చుని చూస్తుంది.

తెనాలి అమ్మాయి గారూ, ఆస్పిరిన్ దగ్గర ఆగకండి.

కొత్తగూడెం_సిస్టర్
అన్నా, మీరు ఇది రాయడం వల్ల ఎంతమందికి మేలు జరుగుతుందో. ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. మూతి వంకర పోవడం, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా నోట్లో చుక్క నీరు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎన్ని గంటలకి మొదలైందో చూసుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తిన్నగా వెళ్ళండి. దారిలో రెండు చిన్న క్లినిక్కుల దగ్గర ఆగితే గడువు అక్కడే అయిపోతుంది.

పీజీ_గది_12
ఆస్పిరిన్ గురించి ఇక అనుమానం అక్కర్లేదు. ఈ జబ్బు ఉండి, వార్ఫరిన్ (రక్తం పల్చబడే పాత మందు) పడదు అనుకున్న 5,599 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఎపిక్సాబాన్ (రక్తం పల్చబడే కొత్త మందు), ఇంకో గుంపుకి ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. పక్షవాతం, గడ్డలు ఏడాదికి ఆస్పిరిన్ గుంపులో 3.7 శాతం, ఎపిక్సాబాన్ గుంపులో 1.6 శాతం. పెద్ద రక్తస్రావాలు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానం. "సున్నితమైన మనిషి, ఆస్పిరిన్ చాలు" అన్న మాటకి ఆధారం అక్కడితో పోయింది. ఆ మాట ఎక్కువగా ఆడవాళ్ళ విషయంలోనే వింటాం, అదే నా బాధ.

ఇంకొక సంగతి. ఫిన్లాండ్‌లో దేశం మొత్తం రికార్డులు తీసి 2007 నుంచి 2018 వరకు చూశారు. మొదట్లో ఈ జబ్బున్న ఆడవాళ్ళకి పక్షవాతాలు మగాళ్ళ కంటే ఎక్కువగా ఉండేవి. ఏటేటా ఆ తేడా తగ్గుతూ వచ్చి చివరికి దాదాపు పోయింది. ఆ కొన్నేళ్ళలో ఆడవాళ్ళ శరీరం మారలేదు కదా. రక్తం పల్చబడే మందులు సరిగ్గా అందడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మందుల_షాపు_బాబాయి
డాక్టర్ల మధ్యలో నేను మాట్లాడకూడదు గానీ, కౌంటర్లో రోజూ చూసేది చెప్తాను. ఎపిక్సాబాన్ 5, 2.5 అని రెండు రకాల్లో వస్తుంది. సన్నగా ఉన్న పెద్దావిడ వస్తే చీటీ మీద చాలాసార్లు 2.5 ఉంటుంది. 2.5 వేయాలంటే మూడింటిలో రెండు ఉండాలి. వయసు 80 లేదా అంతకంటే ఎక్కువ, బరువు 60 కిలోలు లేదా అంతకంటే తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.5 లేదా అంతకంటే ఎక్కువ. తెనాలి అమ్మాయీ, మీ అమ్మగారికి 54 కిలోలు, అది ఒకటే లెక్కలోకి వస్తుంది. క్రియాటినిన్ ఎంతో చూడమను. బాగుంటే 5 వేయాలి. మన ఆడవాళ్ళలో చాలామంది 60 కిలోల లోపే ఉంటారు కదా, ఒక్క బరువు చూసి సగం డోసు రాసేస్తే సగం కాపలా పెట్టినట్టే. డాక్టరు గారిని అడుగు, నువ్వుగా మాత్రం మార్చకు.

రెండోది ఉపవాసాలు. కార్తీక మాసం వస్తే నా దగ్గర ఆడవాళ్ళ మాత్రలు మిగిలిపోతాయి. సోమవారం నక్షత్రం చూసేదాకా ఏమీ ముట్టరు, మాత్రతో సహా. ఎపిక్సాబాన్ ప్రభావం పూట దాటితే తగ్గడం మొదలవుతుంది, అందుకే రోజుకి రెండుసార్లు. దాన్ని పరగడుపున వేసుకోవచ్చు, కాసిని నీళ్ళతో మింగితే చాలు. ఇంకో కొత్త మందు రివరోక్సాబాన్ 15, 20 అలా కాదు, అన్నంతోనే వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగ్గా పట్టదు. ఉపవాసాలు ఎక్కువగా చేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. "అమ్మా, శివుడికి నీ మాత్ర మీద కోపం లేదు" అని నేను ప్రతి ఏడూ చెప్తూనే ఉంటాను. కొందరు నవ్వి వేసుకుంటారు.

తెనాలి_అమ్మాయి
బాబాయ్, అమ్మ శనివారాలు కూడా ఒంటిపూటే! ఇది నాకు అస్సలు తట్టలేదు. రాసుకున్నాను.

పలాస_జీడిచెట్టు
ఇప్పటిదాకా అందరూ 60 దాటిన వాళ్ళ గురించే మాట్లాడారు. నాకు 38. ఇదే జబ్బు, దారి వేరు.

చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, తర్వాత కీళ్ళ వాపులు వచ్చాయి. జ్వరం తగ్గింది, అందరూ మర్చిపోయారు. 22 ఏళ్ళకి మొదటి కడుపుతో ఉన్నప్పుడు మెట్లెక్కితే ఊపిరి ఆడేది కాదు. ఎకో (గుండె స్కాన్) తీస్తే మైట్రల్ వాల్వు (గుండె ఎడమ గదుల మధ్య తలుపు) బాగా ఇరుకై ఉంది. కాన్పు తర్వాత బెలూన్‌తో వాల్వు తెరిచారు, ఆరోగ్యశ్రీలో చేశారు. 33కి దడ వచ్చింది. అప్పటి నుంచి ఎసిట్రోమ్ (రక్తం పల్చబడే పాత రకం మందు) మీద ఉన్నాను. మాకు ఆ పాయింట్ల లెక్కే లేదట. వాల్వు బాగా ఇరుకై ఈ దడ ఉంటే వయసు ఎంతైనా మందు వేయాల్సిందే.

కొత్త మందులకి మారతానని అడిగాను, నెలనెలా రక్తపరీక్ష తప్పుతుందని. డాక్టరమ్మ వద్దన్నారు.

పీజీ_గది_12
సరిగ్గా చెప్పారు. 2022లో ఇన్విక్టస్ అనే పెద్ద పరిశీలన వచ్చింది. రుమాటిక్ వాల్వు జబ్బుతో, అంటే మీకు చిన్నప్పుడు వచ్చినలాంటి జ్వరం వల్ల వాల్వు పాడై, ఈ దడ ఉన్నవాళ్ళకి రివరోక్సాబాన్ కంటే వార్ఫరిన్ జాతి మందులే మేలని తేలింది, చావులు కూడా వాటితోనే తక్కువ. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఈ వాల్వు జబ్బే ఆడవాళ్ళకి ఎక్కువ. మీది ఎసిట్రోమ్, అదే జాతి.

పలాస_జీడిచెట్టు
థాంక్సండీ. ఇంకొకటి, మగాళ్ళ ముందు ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తాను. నెలసరి వయసులో ఉండి ఈ మందులు వేసుకునే ఆడవాళ్ళలో చాలామందికి నెలసరి బాగా ఎక్కువవుతుంది. నాకు హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. ఆయాసం వస్తే వాల్వు మళ్ళీ మూసుకుందేమో అని భయపడ్డాను, తీరా చూస్తే రక్తం లేదు. ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా మందు ఒకరోజు మానుతూ ఒకరోజు వేసుకుంటూ నెట్టుకొచ్చాను. చాలా తప్పు చేశాను, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) 1.3కి వచ్చింది, ఉండాల్సింది 2కి 3కి మధ్య. చివరికి గైనకాలజిస్టు, గుండె డాక్టరు మాట్లాడుకుని నెలసరి తగ్గే మార్గం చూశారు. చెల్లెళ్ళూ, అడగండి. అడిగితే దారి ఉంది. రెండో బిడ్డ కావాలనుకునే వాళ్ళు కడుపు రాకముందే చెప్పాలి, ఈ జాతి మందులు మొదటి మూడు నెలల్లో బిడ్డకి దెబ్బ.

డల్లాస్_పద్మ
ఎసిట్రోమ్ మీద ఉంటే ఆకుకూరలు మానేయాలా? మా అత్తగారు గోంగూర పూర్తిగా మానేశారు, పాపం ఆవిడకి ప్రాణం.

కొత్తగూడెం_సిస్టర్
మానక్కర్లేదు పద్మ గారూ. ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తోటకూర, పాలకూర, మునగాకు అంటే ఐఎన్ఆర్ ఊగుతుంది. వారానికి ఇన్నిసార్లు అని ఒక లెక్కలో తింటే దానికి తగ్గట్టు డోసు సర్దుతారు. అత్తగారికి గోంగూర పెట్టండి, తర్వాతి పరీక్షకి ఆ మాట చెప్పండి.

ఉక్కునగరం_బాలు
మా ఆవిడది ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) కాదు కానీ ఈ చర్చకి దగ్గరే. కూర్చున్నచోట ఉన్నట్టుండి 180, 190 కొట్టుకునేది, పావుగంటకి స్విచ్ వేసినట్టు ఆగేది. నాలుగేళ్ళు భయం జబ్బు అని మందులు వాడాం. నేను కూడా "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు" అనేవాణ్ణి, ఇప్పుడు తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చివరికి దడ వచ్చినప్పుడే ఈసీజీ దొరికింది. ఎస్‌వీటీ అన్నారు. గుండెలో కరెంటు దారి ఒకటి అదనంగా ఉందట. అబ్లేషన్ చేశారు, తొడ దగ్గర నరం నుంచి వైరు పంపి ఆ దారిని మూసేశారు. మూడో రోజు ఇంటికొచ్చింది. రెండేళ్ళు అయింది, మళ్ళీ రాలేదు, భయం మాత్రలూ లేవు.

పీజీ_గది_12
బాలు గారూ, మీ ఆవిడకి వచ్చిన రకాల్లో బాగా ఎక్కువగా కనిపించేది ఆడవాళ్ళకి మగాళ్ళ కంటే సుమారు రెండింతలు వస్తుంది. అది దొరికితే చాలావరకు పూర్తిగా నయం చేయవచ్చు. దొరక్కపోవడమే సమస్య.

ఇంకొకటి, మర్చిపోక ముందే. ఈసీజీలో క్యూటీ అని ఒక కొలత ఉంటుంది. యుక్తవయసు నుంచి ఆడవాళ్ళకి అది కాస్త పొడుగు. దాన్ని ఇంకా సాగదీసే మందులు కొన్ని ఉన్నాయి, దడకిచ్చే సోటలాల్, కొన్ని యాంటీబయాటిక్‌లు, కొన్ని వాంతుల మందులు. వాటి వల్ల వచ్చే ప్రాణాంతకమైన లయ తప్పడం ఎక్కువగా ఆడవాళ్ళలోనే చూస్తాం. దడ మందు వాడే ఆవిడ జ్వరానికో వాంతులకో వేరే డాక్టరు దగ్గరికి వెళితే పాత చీటీ తప్పకుండా చూపించాలి.

గోదారి_గట్టు
ఇంట్లో ఎలా పట్టుకోవాలి? అందరికీ వాచీలు ఉండవు కదా.

కొత్తగూడెం_సిస్టర్
వేళ్ళు ఉంటే చాలు. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించండి. గట్టిగా నొక్కకండి. గడియారం చూస్తూ నిమిషం పాటు వినండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు. మామూలు నాడి గోడ గడియారంలా ఉంటుంది. ఏఎఫ్ నాడి టిన్ను రేకు మీద వాన చినుకులు పడ్డట్టు ఉంటుంది, మూడు దగ్గరదగ్గరగా, ఒకటి ఆగి, రెండు వెంటనే, కొన్ని గట్టిగా, కొన్ని తెలియనంత మెల్లగా. అలా ఉంటే అప్పుడే, ఆ పూటే ఈసీజీకి వెళ్ళండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే లయ తప్పిన గుర్తు వస్తుందేమో చూడండి. వచ్చిపోయే దడ అయితే హోల్టర్ పెట్టమని అడగండి, ఒంటికి తగిలించుకుని ఇంటికి పోవచ్చు, ఒక రోజంతా రాస్తుంది. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి, అది ఎక్కువగా పని చేసినా ఈ దడ వస్తుంది, థైరాయిడ్ ఆడవాళ్ళకే ఎక్కువ.

ఈసీజీ కాగితం వేడికి, వెలుతురుకి తెల్లబడిపోతుంది. తీసిన రోజే జిరాక్సు తీయించి పెట్టుకోండి. పాత స్ట్రిప్ లేక ఎంతమందికి మళ్ళీ మొదటికొచ్చిందో నేను చూశాను.

తెనాలి_అమ్మాయి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరూ రాసింది కాగితం మీద పెట్టుకుని అమ్మని తీసుకెళ్ళాను. డాక్టరు గారు విసుక్కోలేదు, ఒక్కొక్కటి చదివి జవాబు చెప్పారు. క్రియాటినిన్ 0.9. ఎపిక్సాబాన్ 5, రెండు పూటలా. ఆస్పిరిన్ ఆపేశారు. థైరాయిడ్ మామూలే. ఎకోలో వాల్వులు బాగున్నాయి. నాడి వేగం తగ్గడానికి ఇంకో మాత్ర ఇచ్చారు. పిచ్చుక ఇంకా ఉందట గానీ రెక్కలు కొట్టుకోవడం తగ్గిందని అమ్మ అంది.

శనివారం మాత్ర దగ్గర చిన్న గొడవ అయింది. అప్పుడు మందుల షాపు బాబాయి రాసింది చదివి వినిపించాను. "ఎవరో గానీ మంచాయన" అని నీళ్ళతో మింగింది.

నిన్న పక్కింటి సుబ్బమ్మ పిన్ని వచ్చి నీరసంగా ఉందంటే, నేను లోపలి నుంచి వచ్చేసరికి అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. "మాట్లాడకు, లెక్క తప్పుతుంది" అంటోంది. నిమిషం అయ్యాక నన్ను పిలిచి "ఇది నీ నాన్నది లాగే ఉందే, ఒకసారి నువ్వూ చూడు" అంది. నేనూ చూశాను. సిస్టర్ అక్క చెప్పిన రేకు మీద చినుకులే.

కొత్తగూడెం_సిస్టర్
రేపటిదాకా ఆగకండి. ఇవాళే ఈసీజీ తీయించండి.

తెనాలి_అమ్మాయి
తీయించి వస్తున్నాం అక్కా. ఆటోలో ఉన్నాం. జిరాక్సు రెండు కాపీలు తీయించాను.